తద్దినం పెట్టాలంటే దేవుణ్ణి నమ్మాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. రాజోలు వైపు ఊరు, హైదరాబాదులో ఉద్యోగం. నాలుగైదేళ్ళుగా దేవుడి మీద నమ్మకం పోయింది. ఇంకో పదిహేను రోజుల్లో అమ్మగారి తద్దినం. "నమ్మకం లేకుండా దర్భలు పట్టుకుని కూర్చుంటే అది నాటకం కాదా? అసలు పోయినవాళ్ళకి అన్నం ఎలా అందుతుంది?" అని మీరన్నారు. "దేవుడే లేడనేవాడికి మంచేంటి, చెడేంటి?" అని మీ నాన్నగారు ఫోన్ పెట్టేశారు. అప్పట్నుంచి మాటల్లేవు. దేవుడున్నాడా లేడా అన్న ఒక్కదాని మీద మనుషుల లోకాలు ఇంతగా విడిపోతాయా అని మీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకి లాజిక్కూ తత్త్వశాస్త్రమూ చెప్పి రిటైరయ్యాను. ఉండేది కోనసీమలోనే, కాలవ గట్టు పక్కన. అందుకని పుస్తకంలో సంగతులూ గట్టు మీద సంగతులూ కలిసిపోయి వస్తాయి, ఏమీ అనుకోకండి.

నేననుకునేది ముందే చెప్పేస్తాను. మనుషుల్ని విడదీసేది ఆ ప్రశ్న కాదండి. దేవుణ్ణి నమ్మే ఇద్దరి మధ్య ఉన్నంత దూరం, ఒక్కోసారి నమ్మేవాడికీ నమ్మనివాడికీ మధ్య ఉండదు. నమ్మేవాడు ఏ పని దేవుడికి వదిలేశాడు, ఏ పని తన నెత్తిన వేసుకున్నాడు? అది చూడాలి. మనిషి లోకం ఎలాంటిదో అక్కడ తెలుస్తుంది.

1996 నవంబరు 6 నాటి తుఫాను సంగతి మీరు పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు. రాత్రంతా పెంకులు ఎగిరిపోతుంటే మేము వంటింట్లో ముడుచుకుని కూర్చున్నాం. తెల్లారి తలుపు తీస్తే పక్క ఊరి నీళ్ళ ట్యాంకు కనిపించింది. మా వాకిట్లోంచి అది ఎప్పుడూ కనిపించేది కాదు. మధ్యలో ఉన్న కొబ్బరితోట మొత్తం పడుకుండిపోయింది. గట్టు మీదకి వెళ్తే అప్పటికే ముగ్గురు నిలబడి ఉన్నారు. శివాలయం అర్చకుడుగారు, క్రైస్తవ సంఘం పెద్దాయన, కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం ఉన్న మా టైలరు.

అర్చకుడుగారు "కర్మ" అన్నారు. సంఘం పెద్దాయన "ప్రభువు చిత్తం, ఎందుకో మనకి చెప్పరు" అన్నాడు. టైలరు "వాయుగుండం" అని ఊరుకోకుండా, "వాయుగుండం సముద్రానిది, చావులు మాత్రం గవర్నమెంటువి" అన్నాడు. ఇలాంటివి విని మనం మూడు దృక్పథాలని పేరు పెట్టేసి నోట్సు రాసేసుకుంటాం. నేనూ రాసుకునేవాణ్ణే. మూడో రోజు జరిగింది చూశాక మానేశాను.

సంఘం పెద్దాయన ఆదివారం కూడికకి ఎవరొచ్చారో రాసుకునే పుస్తకం పట్టుకొచ్చాడు. మత్స్యకారుల పేటలో ఏ ఇంట్లో ఎంతమంది, వేటకి ఎవరు వెళ్ళారు అన్నది ఆ పుస్తకం చూసి చెప్పగలిగిన మనిషి ఊళ్ళో ఆయనొక్కడే. టైలరు ఆ పేర్లన్నీ అర్జీల్లోకి ఎక్కించాడు. ఇక అర్చకుడుగారు. శాంతి హోమం చేయించి ఊరుకుంటారనుకున్నాను. ఆయన మండలాఫీసు మెట్ల మీద నిలబడి, వేటకెళ్ళినవాళ్ళకి హెచ్చరిక ఎందుకు అందలేదని గంటసేపు నిలదీశారు. తిరిగొచ్చేటప్పుడు నేను ఆగలేక "కర్మ అన్నారు కదండీ?" అన్నాను.

"కర్మ పోయినవాళ్ళది మేష్టారూ. చెప్పాల్సినవాడు చెప్పకపోవడం వీళ్ళది. రెండూ ఒకటెలా అవుతాయండీ?"

అదే గుడికి ధర్మకర్త ఒకాయన ఉండేవాడు. తన దగ్గర పనిచేసే పాలేర్ల గుడిసెలు నేలమట్టమైతే "వాళ్ళ కర్మ" అని తలుపేసుకున్నాడు. ఇద్దరిదీ ఒకే దేవుడు, ఒకే గుడి, ఆఖరికి ఒకే మాట. కానీ అర్చకుడుగారి కర్మకీ ధర్మకర్తగారి కర్మకీ ఉన్నంత తేడా, అర్చకుడుగారికీ టైలరుకీ మధ్య నాకు కనపడలేదు.

మన డెల్టా చరిత్ర తిరగేసినా ఇదే కథ. ఆనకట్టకి ముందు ఈ నేల ఎలా ఉండేదో తెలుసు కదా. 1830లలో కరువు, 1839లో కోరంగి మీద ఉప్పెన. కరువుని దేవుడు వేసిన శిక్ష అనుకున్నవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉండేవుంటారు. కాటన్ దొర కూడా గట్టి భక్తుడే, గొప్ప దైవభీతి ఉన్న క్రైస్తవుడు. అదే దేవుణ్ణి నమ్ముతూ ఆయన లెవెళ్ళు కొలిచి, పైవాళ్ళతో పోట్లాడి, 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట నిలబెట్టాడు. తర్వాత మనవాళ్ళేం చేశారో చూడండి. నిత్యం గోదావరి స్నానం చేసే పుణ్యం ఇచ్చిన భగీరథుడని ఆ ఆంగ్లేయుణ్ణి శ్లోకంలో పెట్టి, స్నాన సంకల్పంలో తలుచుకున్నారు. ఏ మతాచార్యుడూ కూర్చుని ఆమోదించిన సంగతి కాదది. పొలానికి నీళ్ళొచ్చాక సిద్ధాంతం దానంతటదే సర్దుకుంది.

రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు అటువైపు ఉన్నదీ ఆస్తికులే, ఇటువైపు ఉన్నదీ ఆస్తికులే. ఆయన నాస్తికుడు కాదు, ఒక్క దేవుణ్ణి గట్టిగా నమ్మినవాడు. ఆ గొడవంతా నమ్మేవాళ్ళకీ నమ్మేవాళ్ళకీ మధ్య. దేవుడి మాట అని దేన్ని అనాలి, ఆ మాట చెప్పే అధికారం ఎవరిది అన్నదే అక్కడి తగువు.

కాకినాడది ఇంకా చిత్రం. పిఠాపురం రాజావారి కాలేజీకి 1904 నుంచి 1919 వరకు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలు. బ్రహ్మసమాజీకుడు. దేవుడి పేరెత్తితే కళ్ళు చెమర్చే రకం. దేవుడు అందరికీ తండ్రి అయినప్పుడు అంటరానివాడు ఎవడు అన్నది ఆయన వాదన. కొన్నేళ్ళ తర్వాత అదే కాలేజీలో బోటనీ చెప్పే గోపరాజు రామచంద్రరావుగారు, అంటే గోరా, దేవుడనే భావన తప్పని రాసినందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. దేవుడి మీద భారం వేసినంత కాలం మనిషి తన పని తాను చెయ్యడు, కాబట్టి కులం పోవాలంటే దేవుడు పోవాలి అన్నది ఈయన వాదన. దేవుడి దగ్గర ఒకరు ఉత్తరం, ఇంకొకరు దక్షిణం. కులం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే వీధిలో తేలారు.

గోరాగారు తర్వాత గాంధీగారితో వాదనకి కూర్చున్నారు. తన కూతుర్ని దళిత యువకుడికిచ్చి సేవాగ్రాంలో పెళ్ళి చేస్తానంటే, నేను జరిపిస్తానని గాంధీగారు ఒప్పుకున్నారు. దేవుడి పేరు మీద అనే చోట సత్యం పేరు మీద అని మారుస్తానన్నారు. అప్పటికే ఆయన "దేవుడే సత్యం" అనడం మానేసి "సత్యమే దేవుడు" అనడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. 1948 మార్చిలో పెళ్ళి జరిగేసరికి గాంధీగారు లేరు.

మీ నాన్నగారి మాటకి వద్దాం. దాన్ని కొట్టిపారెయ్యకండి. అందులో బలం ఉంది.

మా చిన్నప్పుడు ఊళ్ళో బాకీ తగువొచ్చింది. ఇచ్చానంటాడు ఒకడు, ఇవ్వలేదంటాడు ఇంకొకడు. కాగితం లేదు, సాక్షి లేడు. పెద్దలు ఇద్దర్నీ అమ్మవారి గుడికి తీసుకెళ్ళి కర్పూరం వెలిగించారు. అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యాలి. నేను మా నాన్న చెయ్యి పట్టుకుని ముందు వరసలో ఉన్నాను. బాకీ ఉన్నవాడు చెయ్యి ఎత్తాడు. మంట మీదకి తెచ్చాడు. అక్కడ ఆగిపోయి, చెయ్యి దించేసి, "ఇచ్చేస్తానులెండి" అన్నాడు. పోలీసు, కోర్టు చెయ్యలేని పని అమ్మవారు అరనిమిషంలో చేసింది. ఇంగ్లండులో జాన్ లాక్ 1689లో మతసహనం గురించి రాస్తూ నాస్తికులకి మాత్రం అది వర్తించదన్నాడు. కారణం ఇదే: దేవుడు లేడనేవాణ్ణి ఏ ప్రమాణం కట్టి ఉంచుతుంది? మీ నాన్నగారు లాక్‌ని చదివి ఉండరు. చదవక్కర్లేదు కూడా, ఇలాంటి కర్పూరాలు ఆయనా చూసే ఉంటారు.

కానీ రెండోవైపు కూడా చూడాలి కదండీ. అయ్యప్ప మాలలో ఉన్న నలభై ఒక్క రోజులూ అబద్ధం ఆడనివాడు, సంక్రాంతి దాటి దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళ వంతులు పెట్టేసరికి రాత్రిపూట పక్కవాడి బోదెకి గండి కొడతాడు. పైనుంచి దేవుడు చూస్తున్నాడని ఆగడు. గట్టు మీద కాలవ కాపలా చూసే లస్కరు టార్చిలైటు కనిపిస్తే ఆగుతాడు. అసలు గండి కొట్టనివాడు కూడా ఉంటాడు. ఎందుకు కొట్టలేదంటే "పాపం, వాడి చేను ఎండిపోద్ది కదండీ" అంటాడు. మీ నాన్నగారు చెప్పే మంచి ఆ "పాపం" అన్న మాటలో ఉంది. అందులో దేవుడున్నాడో, పక్కవాడి చేనే ఉందో మీరు తేల్చండి. నేను ముప్పై ఏళ్ళు క్లాసులో అడిగాను, తేలలేదు. అప్పు తగువుల్లో మాత్రం కర్పూరం పోయి ప్రామిసరీ నోటు వచ్చింది. ఇప్పుడు అమ్మవారి స్థానంలో రెవెన్యూ స్టాంపు ఉంది.

రాజ్యాంగం రాసేటప్పుడూ ఈ తగువు వచ్చింది. పీఠిక "దేవుడి పేరు మీద" అని మొదలవ్వాలని హెచ్.వి. కామత్ సవరణ పెట్టాడు. 1949 అక్టోబరు 17న ఓటింగు పెడితే అనుకూలం 41, వ్యతిరేకం 68. వద్దన్నవాళ్ళలో దేవుణ్ణి నమ్మేవాళ్ళూ ఉన్నారు. నమ్మకాన్ని ఓటుకి పెట్టడమే తప్పని వాళ్ళ బాధ. చివరికి మన ఎమ్మెల్యేలకి రెండు దారులూ ఉంచారు. దైవసాక్షిగా అని ప్రమాణం చేసినవాళ్ళూ, దేవుడి పేరెత్తకుండా చేసినవాళ్ళూ అదే అసెంబ్లీలో కూర్చుంటారు. ఎవరు మాట తప్పుతారో ప్రమాణాన్ని బట్టి చెప్పగలిగితే మన పని తేలికైపోను.

నమ్మకం తేడా చేసే చోటు ఒకటుంది, అది దాచను. మా అబ్బాయి చిన్నప్పుడు మెదడు వాపు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు. మా ఆవిడ వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుని, కొంగు కప్పుకుని బెంచీ మీద నిద్రపోయింది. నేను డాక్టరు చెప్పిన అంకెలు తిప్పి తిప్పి లెక్క వేసుకుంటూ తెల్లవార్లూ వరండాలో తిరిగాను. వాడు బతికాడు. ఎవరి వల్ల అన్న చర్చ మా ఇంట్లో జరగలేదు. కానీ ఆ రాత్రి ఆవిడకి చెప్పుకోవడానికి ఒకరున్నారు, నాకు లేరు. అది చిన్న తేడా అని నేననను.

ఇక తద్దినం. ఇక్కడే మీకు తెలియని సంగతి ఒకటుందని నా అనుమానం.

పోయినవాళ్ళకి అన్నం ఎలా అందుతుందని మీరడిగింది కొత్త ప్రశ్న కాదు. రామాయణంలో జాబాలి అనే ఋషి రాముణ్ణి అదే అడిగాడు: చచ్చినవాడు ఏం తింటాడు, అన్నం దండగ కాదా అని. కంటికి కనపడిందే నమ్మే చార్వాకులు ఇంకా ఎగతాళిగా అడిగారు. పెట్టిన శ్రాద్ధం పోయినవాడికి అందేటట్టయితే, ఊరెళ్ళేవాడికి సద్దిమూట ఎందుకు, ఇంట్లో పెడితే దారిలో వాడి కడుపు నిండదా అని. కాబట్టి మీరు సంప్రదాయం బయట నిలబడి మాట్లాడుతున్నాననుకోకండి. లోపలే ఒక పాత గదిలో ఉన్నారు.

అసలు తమాషా వేరే ఉంది. కర్మకాండ గురించి అందరికన్నా గట్టిగా, అందరికన్నా ఓపికగా ఆలోచించినవాళ్ళు మీమాంసకులు. యజ్ఞం ఎలా చెయ్యాలి, ఏ మంత్రానికి ఏ అర్థం, ఎవరు కర్త అన్నది వాళ్ళ బతుకు. ఆ మీమాంసకులకి సృష్టికర్త అయిన దేవుడు లేడు. పొరపాటున కాదు, వాదించి మరీ వద్దన్నారు. ప్రయోజనం లేకుండా మందబుద్ధి కూడా ఏ పనికీ పూనుకోడు కదా, మరి దేవుడు ఏ ప్రయోజనం కోసం ఇంత దుఃఖం ఉన్న లోకాన్ని చేశాడు అని కుమారిలభట్టు అడుగుతాడు. కర్మకి ఫలం ఇవ్వడానికి దేవుడు అక్కర్లేదు, చేసిన కర్మలోంచి అపూర్వం అనే ఒక శక్తి పుట్టి, కాలం వచ్చినప్పుడు అదే ఫలం ఇస్తుందన్నది వాళ్ళ సిద్ధాంతం.

మీమాంస సూత్రాలకి శబరస్వామి రాసిన భాష్యంలో ఒక చర్చ ఉంది, నాకు చాలా ఇష్టం. దేవతకి శరీరం ఉందా, పెట్టింది తింటుందా అని ప్రశ్న. తింటే తగ్గాలి కదా, తగ్గట్లేదే అంటాడు. దానికి ఎదుటివాడు, తేనెటీగ పువ్వులోంచి తేనె తీసుకున్నట్టు సారం మాత్రం తీసుకుంటుంది, అందుకే నైవేద్యం పెట్టిన అన్నం చప్పబడిపోతుంది అంటాడు. శబరుడి జవాబు: గాలి తగిలి చల్లారిపోయింది కాబట్టి చప్పబడింది. అంతే! మన ఇళ్ళల్లో ఆ మాటంటే మొట్టికాయ పడుతుంది. అన్నవాడు వైదిక కర్మకి అందరికన్నా పెద్ద వకీలు.

నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్ళు, దీన్ని ఒప్పుకోలేదు. కుండ ఉంటే కుమ్మరి ఉండాలి, లోకం ఉంటే కర్త ఉండాలని ఉదయనుడు న్యాయకుసుమాంజలి మొత్తం ఆ పని మీదే రాశాడు. ఆ వాదనలోకి ఇప్పుడు వెళ్ళను, రాత్రైపోతుంది. మీరు గమనించాల్సింది ఇంతే. ఈ ఇద్దరినీ ఆస్తికులనే అన్నారు. మనువు దగ్గర నాస్తికుడంటే దేవుడు లేడన్నవాడు కాదు, వేదాన్ని తిట్టినవాడు. "నాస్తికో వేదనిందకః" అన్నది ఆయన మాట. పాణిని సూత్రానికి వ్యాఖ్యాతలు చెప్పిన అర్థంలో పరలోకం లేదనేవాడు నాస్తికుడు. దేవుడి ఉనికి మీద ఆస్తిక నాస్తిక గీత గీయడం మన దగ్గర తర్వాత బలపడిన అలవాటు. మీరూ మీ నాన్నగారూ దెబ్బలాడుకుంటున్నది ఆ గీత మీద.

అలాగని ఇదంతా ప్రింటు తీసుకెళ్ళి, "చూడు నాన్నా, శబరస్వామి కూడా నా పక్షమే" అని ఆయన ముందు పెట్టకండి. వాదన గెలుస్తారు, తండ్రి ఇంకో ఆరు నెలలు మాట్లాడడు. ఇది అనుభవం మీద చెప్తున్నాను.

ఇరవై నాలుగేళ్ళప్పుడు మా తాతగారి తద్దినానికి నేను రానన్నాను. మీరు చెప్పిన కారణమే. మా నాన్నే ప్రతి ఏడూ కర్తగా కూర్చునేవాడు, నేను పక్కన ఉండి అందించాలి, అంతే నా పని. ఆ రోజు ఒక్కడే చేసుకున్నాడు. మధ్యాహ్నం రెండున్నరకి నేను భోజనానికి వస్తే, పెరట్లో వాయసపిండం విస్తరాకులో అలాగే ఉంది, కాకి ముట్టలేదు. మా నాన్న తడి పంచెతో కొబ్బరిచెట్టు నీడన నిలబడి చూస్తున్నాడు. నన్ను చూసి ఏమీ అనలేదు. నేను లోపలికెళ్ళి తినేశాను. కాకి ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

ఆయనకి ఎనభై దాటాక, ఒక సాయంత్రం గట్టు మీద కూర్చున్నప్పుడు అడిగాను. "నాన్నా, తద్దినం పెడితే తాతగారికి అందుతుందని నువ్వు నిజంగా నమ్మావా?"

ఆయన కాలవలోకి చూస్తూ, "అందుద్దో లేదో నాకేం తెలుసురా. ఏడాదికి ఒక్కరోజు మా నాన్న గురించి తప్ప ఇంకో పని లేకుండా కూర్చోవడం బావుండేది. నువ్వు పక్కనుంటే ఇంకా బావుండేది" అన్నాడు.

పదహారేళ్ళు నేను ఏ నమ్మకంతో పోట్లాడానో ఆ నమ్మకం ఆయనకి లేనేలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మీ నాన్నగారిది వేరే కావచ్చు. నిజంగానే అమ్మగారికి అన్నం అందాలని ఆయన బెంగ కావచ్చు. అప్పుడు మీరిద్దరూ విడిపోయే చోటు నిజంగా అదే, దాని సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం. తిథి ఇంకా పదిహేను రోజులుందన్నారు కదా. ఫోన్లో వద్దు, శనివారం బస్సెక్కి వెళ్ళండి. దేవుడి ఊసెత్తకుండా, ఆ రోజు కూర్చున్నప్పుడు మీ మనసులో ఏముంటుంది నాన్నా అని అడగండి. జవాబు వచ్చేదాకా మీరు మాట్లాడకండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.